టీచర్ అవ్వాలంటే ఏ సర్టిఫికెట్ కావాలి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ అభ్యర్థులకు డీఎడ్ నుంచి డీఎస్సీ దాకా పూర్తి వివరాలు

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్లకు అటూ ఇటూ కోచింగ్ సెంటర్ల బోర్డులే. టెట్, డీఎస్సీ, గురుకులం, సీటెట్ అన్న మాటలు కనిపించని గల్లీ ఉండదు. ఇదే ప్రాంతంలో సందుకొకటి చొప్పున ఉన్న ప్రైవేటు స్కూళ్లలో వందల మంది ఆడపిల్లలు, గృహిణులు ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు. వీళ్లలో చాలామందికి డిగ్రీ ఉంటుంది, బీఎడ్ ఉండదు. కొందరికి బీఎడ్ ఉంటుంది, టెట్ ఉండదు.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఈ తేడా చిన్న విషయం కాకుండా పోయింది. ప్రభుత్వ ఉద్యోగం కోసం చూసేవాళ్లకే కాదు, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కూడా టెట్ తప్పనిసరి అని కోర్టు చెప్పింది. మైనారిటీ స్కూళ్ల సంగతి మాత్రం ఇంకా తేలాల్సి ఉంది. అందుకే ఎవరికి ఏ అర్హత కావాలి, ఏ పరీక్ష ఎందుకు, ఉర్దూ మీడియం వాళ్లు ఎక్కడ జాగ్రత్త పడాలి అనేవి ఒక్కచోట ఇస్తున్నాం.

చట్టం ఏం చెబుతోంది?

టీచర్ శిక్షణకు దేశవ్యాప్తంగా ప్రమాణాలు పెట్టేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. దీని కోసం 1993లో చట్టం చేశారు, 1995 ఆగస్టులో సంస్థ పని మొదలుపెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం 1 నుంచి 8వ తరగతి వరకు చెప్పే టీచర్లకు కనీస అర్హతలు నిర్ణయించే అధికారం ఎన్‌సీటీఈకి దక్కింది. 2010 ఆగస్టు 23న ఆ అర్హతల నోటిఫికేషన్ వచ్చింది. టెట్ అనే మాట టీచర్ల జీవితంలోకి వచ్చింది ఆ రోజునే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ అర్హతలు సర్కారు బడికి మాత్రమే కాదు. గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూలుకు కూడా ఇవే వర్తిస్తాయి. మేనేజ్‌మెంట్లు అడగకపోవడం వేరు, చట్టం అక్కర్లేదనడం వేరు. శిక్షణ లేకుండా పనిచేస్తున్న టీచర్లు అర్హత తెచ్చుకోవడానికి 2017లో చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 దాకా చివరి గడువు ఇచ్చారు. ఆ గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది.

దీనీ మదరసాలు, వేద పాఠశాలలు, ప్రధానంగా మతవిద్య చెప్పే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2012 సవరణలో స్పష్టంగా రాశారు. కాబట్టి మదరసాలో దీనీ పాఠాలు చెప్పే ఉస్తాద్‌కు టెట్ అవసరం లేదు.

మొదటి మెట్టు: డీఎల్ఎడ్ లేక బీఎడ్

ఏ తరగతికి చెప్పాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి. కోర్సు దాన్ని బట్టే ఉంటుంది.

1 నుంచి 5వ తరగతి వరకు: డీఎల్ఎడ్ కావాలి. జనం ఇప్పటికీ డీఎడ్ అనే అంటారు. ఇంటర్ తర్వాత రెండేళ్ల కోర్సు. డీసెట్ రాసి ప్రభుత్వ డైట్‌లలో గానీ ప్రైవేటు కాలేజీల్లో గానీ చేరాలి. ఇంటర్‌లో జనరల్ వాళ్లకు 50 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. డీసెట్‌ను తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మీడియంలలో రాయొచ్చు. నగరంలో ప్రభుత్వ డైట్ నేరేడ్‌మెట్‌లో ఉంది. రంగారెడ్డి పేరు మీద ఉన్న పాత డైట్ వికారాబాద్‌లో ఉంది.

6 నుంచి 10వ తరగతి వరకు: డిగ్రీ, దాని మీద బీఎడ్. ఎడ్‌సెట్ ద్వారా ప్రవేశం. 2015-16 నుంచి బీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది, అంతకు ముందు ఏడాదే ఉండేది. ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలు, రెండు గంటల సమయం ఉంటాయి. డిగ్రీలో సాధారణంగా 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు అడుగుతారు. బీఏ, బీఎస్సీతో పాటు బీకాం, బీబీఏ, బీసీఏ వాళ్లకు కూడా ఇప్పుడు దారి తెరిచారు.

బీకాం, బీబీఏ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బీఎడ్ సీటు రావడం ఒక సంగతి. రేపు డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు అర్హత ఉండటం ఇంకో సంగతి. పోస్టుకు డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారు, బీఎడ్‌లో ఏ మెథడాలజీ తీసుకున్నారు అనే రెండూ చూస్తారు. రెండూ కలవకపోతే వెరిఫికేషన్ టేబుల్ దగ్గర ఆగిపోతారు. ఫీజు కట్టకముందే గత డీఎస్సీ నోటిఫికేషన్‌లో మీ సబ్జెక్టు ఎదురుగా ఏం రాశారో ఒకసారి చదువుకోవాలి.

బీఎడ్ ఉంటే ప్రైమరీకి ఎందుకు పనికిరాదు?

ఈ ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చి, బీఎడ్ వాళ్లు కూడా 1 నుంచి 5 తరగతులకు చెప్పొచ్చని, ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేస్తే సరిపోతుందని చెప్పింది. దాన్ని 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే నైపుణ్యం, దానికి డీఎల్ఎడ్ శిక్షణే ఉంది అన్నది కోర్టు మాట. దాంతో ఎస్‌జీటీ పోస్టులు డీఎడ్ వాళ్లవే అయ్యాయి.

దీని ఫలితం లెక్కలో కనిపిస్తుంది. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో 6,508 ఎస్‌జీటీలే. స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఇంటర్ అయిపోయి టీచర్ ఉద్యోగమే లక్ష్యం అనుకునే అమ్మాయి డిగ్రీ, బీఎడ్ అని ఐదేళ్లు పెట్టేకంటే రెండేళ్ల డీఎడ్‌తో ముందు ఎస్‌జీటీకి అర్హత తెచ్చుకోవచ్చు. డిగ్రీ తర్వాతైనా చేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు 'డిగ్రీ లేకుండా డీఎడ్ ఏంటి' అంటే ఈ అంకెలు చూపించాలి.

ఉర్దూ మీడియంలో శిక్షణ ఎక్కడ?

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ, అంటే మానూ, 1998లో ఏర్పడింది. ఉర్దూ మీడియంలో డీఎల్ఎడ్, బీఎడ్, ఎంఎడ్ ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసం దూరవిద్యలో బీఎడ్ కూడా నడుపుతుంది. ఎల్‌బీనగర్ నుంచి గచ్చిబౌలి రోజూ పోయి రావడం కష్టమే. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం వరకు వెళ్లినా అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టాలి. హాస్టల్ దొరుకుతుందా లేదా అన్నది అప్లికేషన్ వేసేటప్పుడే ఆలోచించాలి.

మాసాబ్‌ట్యాంక్‌లోని ప్రభుత్వ ఐఏఎస్ఈ, ఉస్మానియా యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కాలేజీ నగరంలో పేరున్న పాత సంస్థలు. వీటికి ఎడ్‌సెట్ ర్యాంకుతో వెళ్లాలి.

నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, అంటే ఐటెప్, కూడా వచ్చింది. ఇంటర్ తర్వాత నేరుగా చేరితే డిగ్రీ, బీఎడ్ రెండూ నాలుగేళ్లలో పూర్తవుతాయి, ఒక ఏడాది మిగులుతుంది. దీనికి ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం 2030 నాటికి టీచర్ ఉద్యోగానికి ఇదే కనీస డిగ్రీ కావాలన్నది ఆలోచన. ఇప్పుడు పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు దీన్ని లెక్కలో పెట్టుకోవాలి.

రెండో మెట్టు: టెట్

ఉమ్మడి రాష్ట్రంలో మొదటి టెట్ 2011 జూలై 31న జరిగింది. తెలంగాణ వచ్చాక 2016 మేలో మొదటిసారి, ఆ తర్వాత 2017లో పెట్టారు. మధ్యలో ఐదేళ్లు ఖాళీ. 2022 జూన్, 2023 సెప్టెంబర్‌లో మళ్లీ జరిగింది. 2024 నుంచి కంప్యూటర్ మీద రాసే పరీక్షగా మారింది, ఏడాదికి రెండుసార్లు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది.

పేపర్–1 అనేది 1 నుంచి 5 తరగతులకు, పేపర్–2 అనేది 6 నుంచి 8 తరగతులకు. ఒక్కోటి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు సమాధానానికి మార్కులు కోయరు. కాబట్టి ఏ ప్రశ్ననూ వదిలేయకూడదు.

పేపర్–1లో శిశు వికాసం–బోధన, మొదటి భాష, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోటి 30 మార్కులు. పేపర్–2లో శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లిష్‌కు తలా 30. మిగతా 60 మార్కులకు గణితం–సైన్స్ గానీ సోషల్ గానీ ఎంచుకోవాలి.

పాస్ మార్కులు: జనరల్ 90, బీసీ 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు 60.

బీసీ–ఈ కిందికి వచ్చే ముస్లిం వర్గాలకు 75 మార్కులు చాలు. అయితే అందరు ముస్లింలూ బీసీ–ఈ కాదు. జాబితాలో 14 వర్గాలున్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు అందులో లేవు, వాళ్లు 90 తెచ్చుకోవాల్సిందే. బీసీ–ఈ సర్టిఫికెట్ కోసం పరీక్ష తేదీ వచ్చాక మీసేవ దగ్గర పరుగెత్తడం కంటే ముందే తీసి పెట్టుకోవడం మేలు. బీసీ–ఈ కానివాళ్లు ఆదాయం పరిమితిలో ఉంటే డీఎస్సీలో ఈడబ్ల్యూఎస్ కోటా చూసుకోవచ్చు.

ఫీజు సంగతి: 2023లో 400 రూపాయలున్న ఫీజును 2024 మేలో ఒక పేపర్‌కు 1,000, రెండింటికి 2,000 చేశారు. నిరుద్యోగుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చాక తర్వాతి టెట్ నుంచి 750, రెండు పేపర్లకు 1,000గా తగ్గించారు.

టెట్ సర్టిఫికెట్ ఒకప్పుడు ఏడేళ్లే చెల్లేది. 2021 జూన్‌లో కేంద్రం దాన్ని జీవితకాలం చేసింది. 2011 నుంచి పాసైన అందరికీ ఇది వర్తిస్తుంది. ఎప్పుడో పాసై, పెళ్లయి, పిల్లలతో ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లు పాత మార్కుల మెమో వెతికి తీయొచ్చు. అది ఇంకా పనికొస్తుంది.

మొదటి భాష: ఇక్కడే ఎక్కువ పొరపాట్లు

టెట్ అప్లికేషన్‌లో మొదటి భాష కింద తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడ, మరాఠీ, తమిళం వంటి భాషలుంటాయి. ఇంట్లో మాట్లాడే భాష కదా అని ఉర్దూ కొట్టేస్తే కుదరదు. పదో తరగతి వరకు ఆ మీడియంలో చదివి ఉండాలి, లేదా ఆ భాషను ఫస్ట్ లాంగ్వేజ్‌గా తీసుకొని ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్‌గా ఉన్న అమ్మాయికి ఉర్దూ ఎంత బాగా వచ్చినా ఈ నిబంధన అడ్డం వస్తుంది. అందుకే పిల్లల్ని స్కూల్లో చేర్పించేటప్పుడు తీసుకునే భాష నిర్ణయం పాతికేళ్లకు టీచర్ ఉద్యోగం దగ్గర తిరిగొస్తుంది.

ప్రశ్నలు ఎంచుకున్న భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తాయి. సైకాలజీ, పెడగాజీ పదాలు ఉర్దూలో కొన్ని బరువుగా ఉంటాయి. రెండు భాషల్లోనూ ప్రశ్న చదివి జవాబు పెట్టడం అలవాటు చేసుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లు ప్రధానంగా తెలుగు మీడియం అభ్యర్థుల కోసమే నడుస్తాయి. ఉర్దూ మీడియం వాళ్లకు మెటీరియల్ దొరకడమే కష్టం. అలాంటప్పుడు ఎస్‌సీఈఆర్‌టీ ముద్రించిన ఉర్దూ మీడియం పాఠ్యపుస్తకాలే అసలు ఆధారం. ఏ పరీక్షలోనైనా కంటెంట్ ప్రశ్నలు ఆ పుస్తకాల చుట్టే తిరుగుతాయి. గన్‌ఫౌండ్రీలోని మైనారిటీస్ స్టడీ సర్కిల్, బీసీ స్టడీ సర్కిళ్లు నోటిఫికేషన్ల సమయంలో ఉచిత కోచింగ్ ఇస్తుంటాయి. వేలకు వేలు కట్టే ముందు అక్కడ అడిగి చూడాలి.

మూడో మెట్టు: డీఎస్సీ

టెట్ అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. ఉద్యోగం ఇచ్చేది డీఎస్సీ. 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌ను రద్దుచేసి, 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా పరీక్షలు, సెప్టెంబర్ 30న ఫలితాలు, అక్టోబర్ 9న ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రాలు.

ఎస్‌జీటీ, స్కూల్ అసిస్టెంట్లకు 160 ప్రశ్నలు, 80 మార్కులు. ప్రశ్నకు అర మార్కు. మిగతా 20 మార్కులు టెట్ వెయిటేజీ. ఎస్‌జీటీలో జనరల్ నాలెడ్జ్ 10, విద్యా దృక్పథాలు 10, ఐదు కంటెంట్ సబ్జెక్టులకు తలా 9, బోధనా పద్ధతులు 15 మార్కులు. స్కూల్ అసిస్టెంట్‌కు సొంత సబ్జెక్టు 44, మెథడాలజీ 16, మిగతా 20 అవే.

వెయిటేజీ లెక్క ఇలా ఉంటుంది. టెట్‌లో 90 వస్తే 12 మార్కులు, 120 వస్తే 16 మార్కులు కలుస్తాయి. ఈ 4 మార్కుల తేడా అంటే డీఎస్సీలో 8 ప్రశ్నలు. అందుకే టెట్ పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తారు. ఎన్నిసార్లైనా రాయొచ్చు.

రోడ్డుకు అటు ఒక జిల్లా, ఇటు ఒక జిల్లా

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతం వాళ్లకు ఇది ప్రత్యేకమైన సమస్య. మలక్‌పేట, సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉన్నాయి. సరూర్‌నగర్, కొత్తపేట, ఎల్‌బీనగర్, హయత్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఉప్పల్ వైపు దాటితే మేడ్చల్–మల్కాజ్‌గిరి. టీచర్ పోస్టులు జిల్లా కేడర్, 95 శాతం స్థానికులకే.

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత తేల్చేది 1 నుంచి 7వ తరగతి చదువు. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా స్థానికులు. ఇప్పుడు ఇల్లెక్కడ, ఆధార్‌లో అడ్రస్ ఏంటి అన్నది కాదు. సరూర్‌నగర్‌లో ఇల్లుండి మలక్‌పేట స్కూల్లో చదివినవారు హైదరాబాద్ లోకల్. 2024 డీఎస్సీలో రాష్ట్రంలోనే అత్యధికంగా 878 పోస్టులు హైదరాబాద్ జిల్లాకు వచ్చాయి. ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న స్కూలు ఒకరి అవకాశాన్ని ఎంత మార్చిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

చేయాల్సింది ఒకటే. ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోవాలి. బస్తీల్లో చిన్న ప్రైవేటు స్కూళ్లు మూతపడితే, పేరు మారితే రికార్డు దొరకడం కష్టం. మూతపడిన స్కూలైతే మండల విద్యాధికారి లేదా జిల్లా విద్యాధికారి ఆఫీసులో అడగాలి. బడికి పోకుండా ప్రైవేటుగా చదివినవాళ్లు ఆ కాలానికి నివాస ధ్రువీకరణ పత్రం పెట్టాలి.

ఉర్దూ పోస్టులు ఎందుకు మిగిలిపోతాయి?

డీఎస్సీలో పోస్టులు మీడియం వారీగా, రోస్టర్ వారీగా విడిపోతాయి. ఉర్దూ మీడియంలో ఎస్సీ, ఎస్టీ కోటాకు వెళ్లిన పోస్టులకు ఉర్దూలో చదివిన ఆ వర్గాల అభ్యర్థులు దాదాపుగా ఉండరు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది, పక్కనే అర్హత ఉన్న ఉర్దూ అభ్యర్థి ఉద్యోగం లేక నిలబడతాడు. మిగిలిన పోస్టులను డీ–రిజర్వ్ చేయాలని ప్రతి డీఎస్సీకి డిమాండ్ వస్తూనే ఉంది. రిజర్వేషన్ రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాబట్టి తీసేయడం తేలిక కాదు. కానీ దీని బరువు మోసేది మాత్రం టీచర్ లేని తరగతిలో కూర్చున్న పిల్లలు. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా బడిలో కనిపించాలంటే ఈ చిక్కుముడి విప్పాలి.

ఇంకో దారి గురుకులాలు. మైనారిటీ గురుకుల సొసైటీ 2016లో 71 స్కూళ్లతో మొదలై 200 దాటింది. ఇవి ఇంగ్లిష్ మీడియం. ఇక్కడి పోస్టులను గురుకుల రిక్రూట్‌మెంట్ బోర్డు వేరుగా భర్తీ చేస్తుంది. టీజీటీకి బీఎడ్‌తో పాటు టెట్ పేపర్–2 ఉండాలి.

ఉద్యోగంలో ఉన్నవాళ్ల మీద సుప్రీంకోర్టు తీర్పు

అంజుమన్ ఇషాత్–ఎ–తాలీమ్ ట్రస్ట్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్ ఇచ్చిన తీర్పు సారాంశం ఇది:

- చట్టానికి ముందే చేరి, రిటైర్మెంట్‌కు ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. రావాల్సిన రిటైర్మెంట్ ప్రయోజనాలు నిబంధనల ప్రకారం ఇస్తారు.
- ఐదేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు టెట్ లేకుండా కొనసాగొచ్చు. ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి.
- మైనారిటీ స్కూళ్లకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014 మే 6న ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. దాన్ని మళ్లీ చూడాలా అన్న ప్రశ్నను ప్రధాన న్యాయమూర్తి ముందుకు పంపారు. అది తేలేదాకా మైనారిటీ స్కూళ్లకు పాత రక్షణ ఉంటుంది.

రెండేళ్ల లెక్క తీర్పు తేదీ నుంచి వేస్తే 2027 సెప్టెంబర్ 1కి పూర్తవుతుంది. మైనారిటీ స్కూల్లో పనిచేసే టీచర్ 'మనకు వర్తించదు' అని కూర్చోవచ్చు, ఈ రోజు అది నిజం కూడా. కానీ విస్తృత ధర్మాసనం మాట మారిస్తే అప్పుడు చదవడం మొదలుపెట్టడం కష్టం. పైగా ఒక ముస్లిం మేనేజ్‌మెంట్ నడిపినంత మాత్రాన అది మైనారిటీ స్కూలు అయిపోదు. మైనారిటీ హోదా సర్టిఫికెట్ ఉందా లేదా అని టీచర్లు మేనేజ్‌మెంట్‌ను అడగాలి. ఆ కాగితం లేకపోతే రక్షణ కూడా లేనట్టే.

మోసపోకుండా

- ప్రీ–ప్రైమరీ, మాంటిస్సోరి ట్రైనింగ్ సర్టిఫికెట్ నర్సరీ, కేజీ వరకే. దాంతో 1 నుంచి 5 తరగతుల పోస్టుకు, టెట్‌కు అర్హత రాదు.
- డీఎడ్, బీఎడ్ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు, యూనివర్సిటీ లేదా బోర్డు అనుబంధం రెండూ ఉండాలి. 'కాలేజీకి రాకుండానే సర్టిఫికెట్' అనే ప్రకటన దగ్గరే ఆగిపోవాలి.
- దూరవిద్య బీఎడ్ కొత్తవాళ్ల కోసం కాదు, సర్వీసులో ఉన్న టీచర్ల కోసం.
- ఖతర్, దుబాయ్‌లలోని భారతీయ స్కూళ్లకు వెళ్లాలనుకునేవాళ్లకు బీఎడ్ సర్టిఫికెట్‌తో పాటు విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ అటెస్టేషన్ కావాలి. నకిలీది ఆ దశలో బయటపడితే ఉద్యోగంతో పాటు కేసు కూడా అవుతుంది.

ఫైల్‌లో ఉండాల్సినవి

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు, డీఎడ్ లేదా బీఎడ్ ఒరిజినల్స్, టెట్ మార్కుల మెమోలు అన్నీ, 1 నుంచి 7 స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, బీసీలకు నాన్–క్రీమీలేయర్ లేదా ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్, ఆధార్. అన్నింట్లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. ఒకచోట మొహమ్మద్ అని పూర్తిగా, ఇంకోచోట ఎండీ అని ఉంటే, బేగం ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే వెరిఫికేషన్‌లో ఇబ్బంది. పదో తరగతి మెమోలో ఉన్న పేరే ఆధారం. మిగతావాటిని దాని ప్రకారం ఇప్పుడే సరిచేయించుకోవాలి, నోటిఫికేషన్ వచ్చాక టైం ఉండదు.